వాతావరణ రాడార్లకు రేడోమ్ ఎంపిక: గాలి, తడి, అతుకులే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

వాతావరణ కేంద్రాల భవనాలపైనా, కొండ శిఖరాలపైనా కనిపించే పెద్ద తెల్లని గోళాన్ని చూసి అదే రాడార్ అని చాలామంది భావిస్తారు. పత్రికలలో ఛాయాచిత్రాల కింద సైతం అలాగే ప్రచురితమవుతూ ఉంటుంది. వాస్తవానికి రాడార్ ఆ గోళం లోపల ఉంటుంది. పళ్లెం ఆకారపు యాంటెన్నా, దానిని నిరంతరం తిప్పే మోటార్లు, తరంగాలను పంపి తిరిగి స్వీకరించే పరికరాలు అన్నీ లోపలివే. బయట కనిపించేది వాటిని గాలి, వాన, ఎండ, ఉప్పుగాలుల నుంచి కాపాడే తొడుగు మాత్రమే. దీనినే సాంకేతిక పరిభాషలో రేడోమ్ అంటారు. తొడుగే కదా అని కొనుగోలు పత్రాలలో దీనికి ఒక చిన్న పద్దు కేటాయించి సరిపెట్టడం అనేకచోట్ల ఆనవాయితీగా వస్తున్నది. అయితే తుపాను తీరాన్ని తాకే రోజున రాడార్ పనిచేస్తుందా, లేదా అన్నది చాలావరకు ఈ చిన్న పద్దుపైనే ఆధారపడి ఉంటుంది.

తూర్పు తీరంలో తుపానులను రాడార్ తో గమనించే ఏర్పాటుకు సుదీర్ఘ చరిత్ర ఉన్నది. దేశంలో తొలి తుపాను పరిశీలక రాడార్ 1970లో విశాఖపట్నంలో ఏర్పాటైంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్న అనంతరం తీరప్రాంత హెచ్చరిక వ్యవస్థను పటిష్ఠం చేయవలసిన ఆవశ్యకత అందరికీ తెలిసివచ్చింది. గాలివేగాన్ని కూడా కొలవగల డాప్లర్ రాడార్లు చెన్నైలో 2002లోనూ, తరువాత కోల్‌కతాలోనూ, మచిలీపట్నంలో 2004లోనూ, విశాఖపట్నంలో 2006లోనూ నెలకొన్నాయి. దేశంలో రాడార్ల సంఖ్యను మరింత పెంచేందుకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.2,000 కోట్ల వ్యయంతో మిషన్ మౌసమ్ పథకాన్ని ఆమోదించింది. కొత్త కేంద్రాలకు స్థలాల ఎంపిక, భవన నిర్మాణం, విద్యుత్ సరఫరా, రహదారి వంటి అంశాలలో జిల్లా యంత్రాంగానికి కూడా ప్రమేయం ఉంటుంది గనుక రేడోమ్ గురించి అధికారులకూ, పాత్రికేయులకూ కొంత అవగాహన అవసరం.

తొడుగు పోతే ఏమవుతుందో చెప్పడానికి విదేశాలలోని మూడు ఉదంతాలు చాలు. 2013 నవంబరు 8న హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్ లోని గియువాన్ వద్ద తీరం దాటినప్పుడు, జపాన్ సహాయంతో అక్కడ నెలకొల్పిన రాడార్ ధ్వంసమైంది. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టోరికో ద్వీపాన్ని తాకడానికి కొద్దిసేపటి ముందే, కొండ ప్రాంతంలోని రాడార్ మూగబోయింది. గాలులు తగ్గిన తరువాత వెళ్లి చూస్తే రేడోమ్ తోపాటు యాంటెన్నా సైతం ఎగిరిపోయి, కింది గోపురం మాత్రమే మిగిలి ఉన్నది. ఆ రాడార్ తిరిగి పనిచేయడానికి 2018 జూన్ వరకు వేచి ఉండవలసి వచ్చింది. 2020 ఆగస్టు 27న లారా తుపాను అమెరికాలోని లూసియానా రాష్ట్రం, లేక్ చార్లెస్ రాడార్ కు ఇదే గతి పట్టించింది. ఈ రెండు అమెరికన్ రాడార్లూ ఒకే నమూనావి. ధనిక దేశం, ఆధునిక పరికరం అన్న భరోసా ఇక్కడ పనికిరాలేదు.

రేడోమ్ లేకుండా కుదరదా?

కొన్ని యాంటెన్నాలకు నిజంగానే రేడోమ్ అవసరం లేదు. తిరుపతి సమీపంలోని గాదంకిలో వాతావరణపు పై పొరలను పరిశీలించే ఎం.ఎస్.టి. రాడార్ కు 1,024 యాగీ యాంటెన్నాలు మైదానంలో బారులు తీరి ఉంటాయి. అవి తిరిగేవి కావు. గాలికి ఎదురు నిలిచే పెద్ద పళ్లెమూ లేదు. కనుక గుమ్మటం ప్రసక్తే రాదు. డాప్లర్ వాతావరణ రాడార్ పరిస్థితి వేరు. ఎస్-బ్యాండ్ రాడార్ పళ్లెం వ్యాసం దాదాపు 8.5 మీటర్లు. నిమిషానికి కొన్నిసార్లు చొప్పున తిరుగుతూ, ఒక డిగ్రీకి మించని సన్నని కిరణాన్ని ఆకాశంలో కచ్చితంగా గురిపెట్టాలి. ఇంత పళ్లెం బహిరంగంగా ఉంటే ఓ మోస్తరు గాలికే గురి తప్పుతుంది. తుపాను గాలికి తిరగడం మాట అటుంచి, నిలవడమే కష్టం. అందువల్ల సుమారు 12 మీటర్ల వ్యాసం గల రేడోమ్ లోపల దానిని అమర్చుతారు. పళ్లెం అంచుకూ గోడకూ మధ్య సిబ్బంది మరమ్మతు చేయడానికి తగినంత ఎడం ఉండాలి. కొలతలో పొదుపు పాటించి ఈ ఎడాన్ని తగ్గిస్తే తరువాత మోటారు మార్చవలసి వచ్చినప్పుడల్లా ఇబ్బంది తప్పదు.

రకాల విషయానికి వస్తే, మొదటిది గాలితో ఉబ్బించే గుడారం. టెల్‌స్టార్ ఉపగ్రహం కోసం 1962లో ఫ్రాన్స్ లోని ప్లూమర్-బోడూలో నిర్మించిన 64 మీటర్ల వ్యాసపు గుమ్మటం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అది నేటికీ నిలిచి ఉండి సందర్శకులను ఆకట్టుకుంటున్నది. ఈ రకంలో ఇనుము, చట్రం లేనందున తరంగాలకు అడ్డంకి అతి తక్కువ. కానీ గాలి నింపే యంత్రం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉండాలి. తుపాను వచ్చినప్పుడు మొట్టమొదట పోయేది కరెంటు అన్నది మన తీరవాసులకు తెలియనిది కాదు. జనరేటర్ మీద భరోసాతో ఈ రకాన్ని కోస్తాలో ఎంచుకోవడం సమంజసం కాదు.

రెండవది అల్యూమినియం చట్రాన్ని త్రిభుజాలుగా పేర్చి, పైన పలుచని పొర బిగించిన గుమ్మటం. పొర పలుచన గనుక అనేక పౌనఃపున్యాలు ఒకేసారి వాడే ఉపగ్రహ భూకేంద్రాలకు ఇది అనువైనది. అయితే లోహపు కమ్మీలు కిరణంలో కొంత భాగాన్ని అడ్డగించి పక్కలకు చెదరగొడతాయి.

మూడవది, వాతావరణ రాడార్లకు ఎక్కువగా వాడేది, ఫైబర్‌గ్లాస్ పలకల గుమ్మటం. రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య నురుగు వంటి తేలికపాటి పదార్థాన్ని నింపి పలకలుగా తయారుచేస్తారు. ఈ నురుగు మందం అలంకారం కోసం నిర్ణయించింది కాదు. బయటి పొర నుంచి వెనుదిరిగే తరంగమూ, లోపలి పొర నుంచి వెనుదిరిగే తరంగమూ ఒకదానినొకటి రద్దు చేసుకొనేలా, తరంగదైర్ఘ్యంలో దాదాపు నాలుగో వంతు మందం ఉంచుతారు. ఎస్-బ్యాండ్ తరంగదైర్ఘ్యం సుమారు 10 సెంటీమీటర్లు, సి-బ్యాండ్ ది 5, ఎక్స్-బ్యాండ్ ది 3 సెంటీమీటర్లు. కాబట్టి ఒక బ్యాండ్ కోసం తయారైన రేడోమ్ మరొక బ్యాండ్ రాడార్ కు పనికిరాదు. పాత కేంద్రంలో ఖాళీగా ఉన్న గోళాన్ని కొత్త రాడార్ కు వాడుకుంటే డబ్బు ఆదా అవుతుందన్న ప్రతిపాదన సమీక్షా సమావేశాలలో సహజంగానే వస్తుంది. దానికి సమాధానం ఇదే.

గంటకు 180 కిలోమీటర్లు అంటే ఏమిటి?

రేడోమ్ ఎంపికలో అన్నిటికన్నా ఎక్కువ అపార్థానికి తావిచ్చే అంకె గాలివేగం. "గంటకు 180 కిలోమీటర్ల గాలిని తట్టుకుంటుంది" అని తయారీదారు పత్రంలో రాసి ఉంటే అది చదివినవారికి భరోసా కలగడం సహజం. ఏ గాలి, ఎంతసేపటి సగటు, ఏ ఎత్తులో అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేనిదే ఆ వాక్యానికి అర్థం లేదు.

భవనాలపై గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం. ఇందులో విశాఖపట్నం, విజయవాడలకు ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, గంటకు సుమారు 158 కిలోమీటర్లు. ఇది నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో, మూడు సెకన్లపాటు వీచే పెనుగాలి విసురు. భారత వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలలో చెప్పే వేగం మూడు నిమిషాల సగటు. విసురు ఎప్పుడూ సగటు కన్నా ఎక్కువే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను సగటు వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. అంటే పట్టికలోని 180, హుద్‌హుద్ ప్రకటనలోని 180 ఒకే అంకె అయినా ఒకే గాలి కాదు. పట్టికలోని అంకెను యథాతథంగా టెండరులో రాస్తే, ఇప్పటికే మనం చూసిన తుపానుకన్నా బలహీనమైన గాలికి రేడోమ్ ను కోరినట్లవుతుంది.

ఈ లోటును ప్రమాణమే సరిదిద్దింది. 2015లో సవరించిన ఐ.ఎస్. 875, తుపాను తాకిడికి లోనయ్యే తీరప్రాంతంలో, తుపాను అనంతరం కూడా పనిచేయవలసిన కట్టడాలకు గాలివేగాన్ని 1.30తో హెచ్చించాలని నిర్దేశించింది. ఆసుపత్రి, సమాచార గోపురం వంటివి ఈ కోవకు వస్తాయి. తుపాను రాడార్ ఈ కోవలోకి రాకపోతే మరేది వస్తుంది? 50 మీటర్లను 1.30తో గుణిస్తే సెకనుకు 65 మీటర్లు, గంటకు 234 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, వేగం ఒకటిన్నర రెట్లయితే ఒత్తిడి రెండుంబావు రెట్లవుతుంది. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుపై దాదాపు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తే, 65 మీటర్ల గాలి కలిగించేది 250 కిలోలకు పైమాటే. 12 మీటర్ల గోళం గాలికి చూపే ముఖం 113 చదరపు మీటర్లు.

ఇక్కడ స్థలం ప్రసక్తి వస్తుంది. మచిలీపట్నం సముద్రానికి దగ్గరలోని చదునైన నేల. విశాఖ రాడార్ కైలాసగిరి కొండపైన ఉన్నది. కొండ అంచు మీదుగా ఎగబాకే గాలి వేగం పుంజుకుంటుంది. ప్రమాణంలో ఇందుకు ప్రత్యేక గుణకం ఉన్నది. కొండ వాలును బట్టి అది 1.36 వరకు వెళ్లవచ్చు. రాడార్ కు కొండ మంచిదే. కిరణానికి భవనాల అడ్డు ఉండదు, దూరం కనిపిస్తుంది. కానీ ఆ మంచికి రేడోమ్ మూల్యం చెల్లించాలి. ప్యూర్టోరికో రాడార్ సైతం కొండమీదిదే అన్న సంగతి గమనార్హం. కాబట్టి ఒకే జిల్లాలోని రెండు కేంద్రాలకు ఒకే నిర్దేశపత్రాన్ని నకలు తీసి పంపడం సరికాదు. హైదరాబాదు వంటి లోతట్టు నగరానికి సరిపోయిన రేడోమ్ తీరానికి సరిపోదు. అలాగే తీరపు రేడోమ్ ను లోతట్టులో పెట్టడం అనవసర వ్యయం.

గాలి గోళాన్ని ముందు నుంచి నెట్టడమే కాదు, పక్కల నుంచీ పైనుంచీ బయటికి పీల్చుతుంది కూడా. పలకలు సాధారణంగా ఊడిపోయేది ఈ పీల్పుకే. ఒక్క పలక ఊడితే గాలి లోపలికి జొరబడి గోళాన్ని లోపల నుంచి ఉబ్బించి మిగిలిన పలకలను కూడా తోసివేస్తుంది. అందువల్ల పలక బలం ఒక్కటే చూసి తృప్తిపడక, పలకను పలకకు కలిపే బోల్టులు, గోళాన్ని భవనానికి బిగించే అడుగు వలయం, ఆ కాంక్రీటు బలం కూడా అదే గాలివేగానికి లెక్కించినట్లు ధ్రువీకరణ కోరాలి. రేడోమ్ సరఫరాదారు ఒకరు, భవన నిర్మాణం మరొక శాఖది అయినప్పుడు ఈ అడుగు వలయం ఎవరి బాధ్యతా కాకుండా పోయే ప్రమాదం ఉన్నది.

తడిసిన గోళం

పొడిగా ఉన్న మంచి రేడోమ్ తరంగశక్తిలో తగ్గించేది స్వల్పమే. వాన మొదలైన తరువాత అసలు సమస్య మొదలవుతుంది. గోళం ఉపరితలంపై నీరు పలుచని పొరగా పరుచుకుంటే, ఆ నీటి పొర రాడార్ తరంగాన్ని పీల్చివేస్తుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి నష్టం జరుగుతుంది. రానూపోనూ కలిపి 3 డెసిబెల్ నష్టమంటే తిరిగివచ్చే శక్తి సగమవుతుంది. వాన లెక్కకు వాడుకలో ఉన్న మార్షల్-పామర్ సూత్రం ప్రకారం, సగం శక్తి అందితే రాడార్ అసలు వానలో దాదాపు 65 శాతాన్ని మాత్రమే లెక్కగడుతుంది. రోజుకు 205 మిల్లీమీటర్లు కురిస్తే అది వాతావరణ శాఖ వర్గీకరణలో అత్యంత భారీ వర్షం. రాడార్ తెరపై అది 133 మిల్లీమీటర్లుగా, అంటే ఒక మెట్టు కింది అతి భారీ వర్షంగా కనిపిస్తుంది. వర్షమాపకాలతో సరిచూసుకొని దిద్దుకొనే పద్ధతి లేకపోలేదు. కానీ మాపకం లేని వాగుల ఎగువ ప్రాంతాలలో అధికారులు ఆధారపడేది రాడార్ అంచనాపైనే.

తరంగదైర్ఘ్యం తగ్గినకొద్దీ ఈ నష్టం ఎక్కువ. ఎస్-బ్యాండ్ లో స్వల్పం, సి-బ్యాండ్ లో గణనీయం, ఎక్స్-బ్యాండ్ లో తీవ్రం. తీరంలో ఎస్-బ్యాండ్ రాడార్లను ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం. నగరాల వరదల పరిశీలనకు చిన్న ఎక్స్-బ్యాండ్ రాడార్లను పరిగణించేవారు మాత్రం రేడోమ్ పూత విషయంలో మరింత పట్టుదల చూపవలసి ఉంటుంది. నీటిని అంటనివ్వని పూత ఉంటే తామరాకు మీద మాదిరిగా నీరు బొట్లుగా జారిపోతుంది, పొర కట్టదు. ఎండ, దుమ్ము, ఉప్పు తగిలి ఈ గుణం కొన్నేళ్లకు క్షీణిస్తుంది. కొన్నప్పుడు కొత్త పలకపై చేసిన పరీక్ష ఫలితం ఒక్కటే చూపితే సరిపోదు. ఎండలో ఉంచి పాతబరచిన పలకపై, తడి స్థితిలో ఎంత నష్టమో కూడా చెప్పాలి.

ఈ సందర్భంలో ఒక మనవి. ముఖ్య అతిథుల పర్యటనకు ముందు కార్యాలయ ఆవరణలన్నింటికీ రంగులు వేయించే అలవాటు మనకు ఉన్నది. రేడోమ్ కు అలా చేయరాదు. లోహపు పొడి లేదా కార్బన్ కలిసిన మామూలు రంగు ఒక పూత పడితే, లక్షలు వెచ్చించి సరిచూసిన గోళం రాడార్ కు తెరగా మారుతుంది. తయారీదారు సూచించిన రంగు తప్ప, శాఖ చిహ్నం సైతం దానిపై వేయించరాదు.

అతుకులు, పిడుగులు

పలకలను కలిపే అతుకులు పలకల కన్నా మందంగా ఉంటాయి కనుక అక్కడ తరంగం చెదురుతుంది. నారింజ తొనల మాదిరిగా నిలువు అతుకులతో చేసిన గోళం చవక, అమరిక సులువు. కానీ ఇప్పటి రాడార్లు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చొప్పున రెండు తరంగాలను పంపి, వాటి తేడాను కొలుస్తాయి. పెద్ద వానచినుకు పడేటప్పుడు అప్పచ్చిలా చదునవుతుంది కాబట్టి అడ్డ తరంగం ఎక్కువగా తిరిగివస్తుంది. ఈ తేడాను బట్టి చినుకు పరిమాణాన్ని, వడగండ్లను గుర్తిస్తారు. తేడాను డెసిబెల్ లో పదోవంతు వరకు కొలవవలసి ఉండగా, అన్నీ నిలువుగానే ఉన్న అతుకులు నిలువు తరంగాన్ని ఒక విధంగా, అడ్డ తరంగాన్ని మరొక విధంగా ప్రభావితం చేసి లెక్క తప్పిస్తాయి. అందువల్ల ద్విధ్రువణ రాడార్ కు, అతుకులు ఏ ఒక్క దిశలోనూ వరుసగా రాకుండా అపసవ్యంగా కనిపించే పలకల అమరిక మేలు. చూపులకు గజిబిజిగా ఉన్నంత మాత్రాన దానిని నాసిరకం పనిగా భావించరాదు.

పిడుగుల నుంచి రక్షణకు గోళం శిఖరాన కడ్డీ, అక్కడి నుంచి నేలకు తీగలు అవసరం. తీగల సంఖ్య, మార్గం రాడార్ నిపుణులతో సంప్రదించి నిర్ణయించాలి, లేకుంటే అవే కిరణానికి అడ్డుపడతాయి. తీరంలో బోల్టులకు తుప్పుపట్టని లోహం తప్పనిసరి.

పలకల పరిమాణం నిర్ణయించేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులను కూడా చూడాలి. పెద్ద పలకలైతే అతుకులు తగ్గుతాయి, కానీ లారీ తిరగని చోటికి అవి చేరవు. బిగించే కాలం కూడా ముఖ్యమే. సగం కట్టిన గోళం గాలికి నోరు తెరిచిన గిన్నెవంటిది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోస్తాలో ఈ పని పెట్టుకోరాదు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా నిధులు వ్యయం చేయాలన్న తొందరలో మంజూరు ఉత్తర్వులు సెప్టెంబరులో వెలువడితే, పని ప్రారంభాన్ని జనవరికి వాయిదా వేయడం ఆలస్యం కిందికి రాదు.

ధరల పోలికలో రేడోమ్ ను విడిగా చూపాలి. గాలివేగాన్ని మూడు సెకన్ల విసురుగా, స్థలపు కొండ గుణకంతో సహా పేర్కొనాలి. తడి నష్టం, అతుకుల అమరిక, పూత మన్నిక, అడుగు వలయం బాధ్యత స్పష్టంగా రాయాలి. వీటితోపాటు కొన్ని అదనపు పలకలను కూడా కొని కేంద్రంలోనే భద్రపరచడం మంచిది. పలకలు దూరప్రాంతం నుంచో, విదేశం నుంచో రావలసి ఉంటే, దెబ్బతిన్న ఒక్క పలక కోసం రాడార్ నెలల తరబడి ఆగిపోతుంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ కు ముందు ఒకసారి, అక్టోబరుకు ముందు మరొకసారి, ప్రతి బోల్టు బిగింపునూ, అతుకుల మధ్య జిగురునూ, నీరు జారే తీరునూ పరిశీలించి రిజిస్టరులో నమోదు చేయించాలి. పూత సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. ఒక బకెట్ నీరు పోసి, బొట్లుగా జారుతున్నదా, పొరగా పరుచుకుంటున్నదా అని చూస్తే చాలు.